పైడమ్మ పొటాషియం ఎక్కడికి పోతోంది

రోజు 9

డ్యూటీ పుస్తకంలో సొంత గోల రాయకూడదని పై ఆఫీసు నియమం. పై ఆఫీసు మా నెత్తిమీద డెబ్బై బారల నీటికి అవతల ఉంది. ఈ పుస్తకం చదవడానికి ఇంత లోతు దిగివచ్చే ఓపిక అక్కడ ఎవరికీ లేదు కాబట్టి రాస్తాను. రోజుల లెక్క కిందటి సరుకుల పడవ వచ్చిన నాటి నుంచి. తర్వాతి పడవ అరవయ్యో రోజున.

దిగువపేటలో రెండువందల పన్నెండు మందిమి ఉన్నాం. నర్సును నేనొక్కదాన్నే, పేరు రత్నావళి. డాక్టరు పైన ఉంటాడు, పొద్దున ఒకసారి తీగ మీద మాట్లాడతాడు. మందు నా చేతికి రావాలంటే గోడలోని బీరువాను అడగాలి. మనిషి పేరు, మోతాదు చెబితే అతను వాడుతున్న మిగతా మందులన్నిటితో సరిచూసి "చెల్లును" అనో "చెల్లదు" అనో అంటుంది. దాన్ని మేము గుమాస్తా అని పిలుస్తాం. తెలివైనదే, కానీ తనకు తెలియనిది లోకంలోనే లేదనుకుంటుంది.

ఈరోజు ఇద్దరిని తిట్టాను. తవిటయ్య ఇనుము మాత్రను టీతో మింగుతున్నాడు. టీతో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో వేసుకోమని నెలరోజులుగా మొత్తుకుంటున్నాను. "నిమ్మరసం పులుపు నర్సమ్మా, టీ అయితే తియ్యగుంటాది" అంటాడు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్న ఎర్రమ్మ రోజూ పొద్దున్నే నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు నములుతోందని, ఆమె చిగుళ్ళలో నెత్తురు చూసి కనిపెట్టాను. ఆ సంగతి గుమాస్తాకు చెప్పబోతే తీసుకోలేదు. ఇక్కడి పద్ధతి అలాంటిది. పడవలో మందుల పెట్టెకెక్కి వచ్చింది మందు, మడిలో పండింది తిండి. మందు నా పుస్తకంలో, తిండి వంటశాల సూరి మావ పలక మీద. ఆ రెండిటికీ మాటల్లేవు.

రోజు 16

పైడమ్మ కాలు నొక్కితే వేలి గుంట పడి చాలాసేపు అలాగే ఉంది. బీపీ నూట అరవై. పోయిన నెల నూట ముప్పై.

పైడమ్మకు అరవై రెండేళ్ళు. గుండె కాస్త బలహీనం. నీరు తీసే మాత్ర ఒకటి, గుండెకు డిజాక్సిన్ ఒకటి నాలుగేళ్ళుగా వాడుతోంది. మా పేటలో పిలుపుల కుర్చీకి పెద్ద దిక్కు ఆమె. మూడేళ్ళ కిందట ఏడో గదిలో గాలి తగ్గిపోతుంటే గాలి చూసే యంత్రం మాత్రం అంతా బాగుందనే చెబుతూ వచ్చింది. నలుగురు పోయారు. అప్పటినుంచి గాలి విషయంలో యంత్రం మాట ఎవరూ నమ్మరు. పదకొండు గదుల గాలి మీటర్ల ముళ్ళను మనిషి కళ్ళతో చూసి, గంటకోసారి గొట్టంలో గొంతెత్తి చెప్పాలి. పిలుపు మధ్యలో ఆగిందంటే ఎక్కడి వాళ్ళు అక్కడే ఇనుప తలుపులు బిగించుకోవాలి. పిలిచేవాళ్ళం పదిమందిమి. నాకు రోజు విడిచి రోజు ఒక వంతు, పైడమ్మకు రోజూ రెండు.

"ఉప్పేమైనా ఎక్కువ తింటున్నావా పెద్దమ్మా?"

"సూరిగాడు ఏసిన ఉప్పు నాలిక్కే తగల్దు, ఇంక కాళ్ళలోకేటి దిగుతాది?" అంది.

డాక్టరు నీరు తీసే మాత్రను రెండింతలు చేశాడు. గుమాస్తా చెల్లునంది.

రోజు 22

వాపు కొంచెం తీసింది. బీపీ తగ్గలేదు. ఇదేమిటో నాకు అర్థం కావడం లేదు. నీరు పోతే బీపీ కూడా దిగాలి.

పైడమ్మ గొంతు బొంగురుపోయింది. మంచం మీంచి లేవడానికి రెండు చేతులూ ఊనుతోంది. మూడు రోజులుగా విరేచనం లేదు. "ముసిల్దాన్నయిపోనాను, అంతేనమ్మా" అని నవ్వింది. పోయిన నెల ఇదే మనిషి నీళ్ళ డ్రమ్మును మోకాలితో తోసుకుంటూ పోవడం నేను చూశాను. ఇరవై రోజుల్లో ముసలితనం అంత పరిగెత్తుకొస్తుందా?

రోజు 24

రక్తం పరీక్ష అట్టలు పదిహేనే ఉన్నాయి. పడవ వచ్చేదాకా అవే. అయినా ఒకటి పైడమ్మ కోసం చింపాను. పొటాషియం 2.9. మూడున్నరకు తగ్గకూడదు.

పొటాషియం అంటే ఇక్కడి వాళ్ళకు నేను చెప్పే మాట ఇది: కండ ముడుచుకోవాలన్నా విప్పుకోవాలన్నా ఈ ఉప్పు ఉండాలి. కాలూ కండే, పేగూ కండే, గుండే కండే. పైడమ్మ కాళ్ళు, పేగులు ముందే చెప్పేశాయి, నేనే ఆలస్యంగా విన్నాను. ఆమె విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. పొటాషియం తగ్గిన ఒంట్లో డిజాక్సిన్ పాత మోతాదే విషమవుతుంది. గుండెను పట్టి ఉంచాల్సిన మాత్ర గుండెను తప్పు దారిలో నడిపిస్తుంది.

నీరు తీసే మాత్ర పొటాషియంను బయటికి లాగుతుంది, నిజమే. కానీ అంతే మోతాదు వాడే మరో ఆరుగురికి ఎప్పుడూ ఇంతగా పడిపోలేదు. డాక్టరు నీరు తీసే మాత్రను మళ్ళీ ఒకటికి తగ్గించి, పొటాషియం మాత్రలు మొదలుపెట్టమన్నాడు. తిన్నాకనే, గ్లాసెడు నీళ్ళతో, నిటారుగా కూర్చుని మింగాలి. పైడమ్మ ఆ మాత్ర సైజు చూసి, "ఇది మింగడానికా, తలుపు కింద ఎట్టడానికా?" అంది.

రోజు 27

2.7.

రోజుకు మూడు మాత్రలు నా కళ్ళముందే మింగించాను. నాలుక ఎత్తి కూడా చూశాను, దాచుకోలేదు. నీరు తీసే మాత్ర సగానికి సగం తగ్గించాం. పెరగాల్సింది తగ్గింది! వాంతుల్లేవు, విరేచనాల్లేవు. చెమట పట్టే పనీ కాదు. అడుగు పోయిన బిందెలో నీళ్ళు పోసినట్టుంది. అడుగు ఎక్కడ పోయిందో కనిపించడం లేదు.

గుమాస్తాను అడిగితే, ఆమె మందుల పట్టికలో ఇంత నష్టానికి కారణం లేదంది. డాక్టరును అడిగితే, "రత్నావళిగారూ, ఆవిడ ఇంకేమైనా వాడుతున్నారేమో కనుక్కోండి" అన్నాడు. అడిగాను. ఏమీ లేదంది. సూరి మావ పలక కూడా చూశాను, ఆమె పేరున అందరికీ వేసే కూరే ఉంది.

ఒక విషయం రాసి పెట్టుకుంటున్నాను. అన్నం పచ్చగా ఉందని, సూరి మావ పసుపు కుమ్మరించాడని పైడమ్మ గొడవపడింది. నా కంచంలో అన్నం తెల్లగానే ఉంది. తర్వాత దీపాలు కూడా పచ్చగా ఉన్నాయంది. డిజాక్సిన్ ఎక్కువైతే కళ్ళకు లోకం పచ్చబడుతుందని చదువుకున్నాను. నిండు నిమిషం గుండె మీద గొట్టం పెట్టి విన్నాను. యాభై ఆరు. అరవైకి తక్కువైతే ఇవ్వకూడదు. ఇవాళ డిజాక్సిన్ ఆపేశాను. నాకు భయంగా ఉంది.

రోజు 28

కనుక్కోవాలంటే కనిపెట్టి ఉండడమే దారి. పొద్దున్నుంచి పైడమ్మ నీడలా తిరిగాను. ఆమె నోట్లోకి పోయిన ప్రతిదీ ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున గంజి, ఒక గ్లాసు. పొటాషియం మాత్ర. మొదటి పిలుపు వంతు. కుర్చీ అప్పగింత. అన్నం, నాచు పచ్చడి, కొంచెం చేప. మాత్ర. కునుకు. టీ, చక్కెర లేకుండా. రెండో వంతు. కుర్చీ అప్పగింత. జావ. మాత్ర.

ఇందులో దొంగ ఎవరు? పదిసార్లు చదివాను. నాచు మీద అనుమానం వచ్చి సూరి మావతో అరగంట వాదించాను. నాచులో పొటాషియం ఉంటుందే గాని పోగొట్టేదేమీ ఉండదు. అనవసరంగా ఆయన మనసు నొప్పించాను.

రోజు 29

దొరికింది. దొరికినందుకు సంతోషించనా, నన్ను నేను తన్నుకోనా?

ఇవాళ నా పిలుపు వంతు. తొమ్మిదో గది దగ్గరికి వచ్చేసరికి కాలి పిక్క పట్టేసింది. కుర్చీలోనే పళ్ళు బిగించి పదకొండు గదులూ చెప్పేశాను. దిగాక ఎందుకో బీపీ చూసుకున్నాను. నూట నలభై ఆరు. నాకెప్పుడూ నూట పది దాటదు. అట్టలు దండగ చేయకూడదని తెలుసు, అయినా వేలు గుచ్చుకున్నాను. 3.3. నేను ఏ మందూ వాడను. నాకూ పైడమ్మకూ ఒకే జబ్బు ఎలా వస్తుంది? మా ఇద్దరికీ కలిసినవి ఏమిటి? కంచాలు వేరు, గదులు వేరు, వయసులు వేరు. కలిసింది కుర్చీ ఒక్కటే.

అప్పుడు నా నోట్లో ఏముందో గమనించాను. చెంపకు ఆనించుకుని ఇంకా నములుతున్నాను. అతిమధురం వేరు.

కుర్చీ దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళ చేతిలో ఒక వేరు ముక్క పెట్టాలి. ఎక్కినవాళ్ళు దాన్ని నోట్లో వేసుకుంటారు. దాంతో అప్పగింత పూర్తయినట్టు. గొంతుకూ మంచిది. మూడేళ్ళుగా ఇదే ఆచారం. మేమెవరమూ దాన్ని తిండి అనుకోం, మందు అనుకోం. చెయ్యి కలపడం లాంటిది. చెయ్యి కలిపినట్టు ఎవరైనా పుస్తకంలో రాస్తారా? నిన్న నేను రెండుసార్లు "కుర్చీ అప్పగింత" అని రాసి, కళ్ళముందు పైడమ్మ నమలడం చూస్తూ, దాన్ని చూడలేదు.

మరి ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు? సూరి మావ దగ్గరికి పరిగెత్తాను. నిన్నటి కోపంతో మొహం తిప్పుకున్నాడు గాని చెప్పాడు. "ముందు పడవలో ఒచ్చిన ఎండు వేరు గోరంత ముక్కలు సేసి ఇచ్చీవోణ్ణి. ఈ పాలి నా మడిలో దిగింది గదా, ఆరో రోజున తవ్వినాను. వేలంత ముక్కలు కోసి బుట్ట నింపి ఎట్టినాను. పిలుపులోళ్ళు కడుపునిండా నమలాలని. తప్పేటి?"

తప్పేమీ లేదు. ప్రేమగా పెట్టాడు. కానీ అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియంను తోసేస్తుంది. బీపీ పెంచుతుంది, కాళ్ళు వాచేలా చేస్తుంది. ఇది నేను మూడో ఏడు పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వాపు చూసి మేము నీరు తీసే మాత్ర పెంచాం. అది ఇంకాస్త పొటాషియంను లాగింది. కండ నీరసించి, గొంతు తగ్గి, గొంతు కోసం ఆమె ఇంకా నమిలింది.

ఇంకొకటి రాయాలి. ఇరవై రెండో రోజున ఆమె గొంతు బొంగురుపోతే, "వేరు ముక్కలు రెండేసి నములు పెద్దమ్మా" అని చెప్పింది నేనే. వెనక్కి తిప్పి చూశాను. ఆ మాట ఈ పుస్తకంలో లేదు. మందు కాదు కదా అని రాయలేదు.

పైడమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను, ఇంక ఆ వేరు ముట్టుకోవద్దని. ముందు నవ్వింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"ఏడో గది పోయిన్రోజు యంత్రం కాడ కాపలా ఎవురో ఎరుగుదువా? నానే. నా తరవాతోడు ఒచ్చీసినాడని, గుమ్మం కాడ నీడ సూసి లేచెల్లిపోనాను. అది ఆడి నీడ కాదు. ఓ గంట యంత్రం కాడ మడిసే నేడు. ముల్లు పడిపోతంటే సూసీవోళ్ళు నేరు." ఆమె తన అరచెయ్యి చూసుకుంది. "అందుకే తరవాతోడి సేతిలో ముక్క ఎట్టందే కుర్చీ దిగనని ఒట్టేసుకున్నాను. ఆ ఒట్టు నువ్వు తియ్యమంతన్నావు."

"పెద్దమ్మా, అది నీ గుండెను ఆపేస్తుంది."

"రేపు ఒక్క వంతు ముక్కతోనే సెప్పనీ. మిగతావోళ్ళకి నానే సెప్పి మానిపిత్తాను."

ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఇవాళే చూశాను. ఒక్క వంతే కదా అని సరేనన్నాను. నర్సు అనకూడని మాట అది.

రోజు 30

పొద్దున పైడమ్మ వంతులో ఆరు గదులు విన్నాను. "ఏడో గది" అంది. తర్వాత ఏమీ లేదు.

వెంటనే ధడేల్ ధడేల్ మని తలుపులు బిగుస్తున్న చప్పుడు. నేను ఆ చప్పుళ్ళకు ఎదురు పరిగెత్తి, సందు మూతపడకముందే పక్కకు తిరిగి దూరాను. భుజం గీరుకుపోయింది. పైడమ్మ కుర్చీలో పక్కకు ఒరిగి ఉంది. స్పృహ ఉంది. నాడి రెండు కొట్టుకుని, ఆగి, మూడు గబగబా కొట్టుకుని, మళ్ళీ ఆగుతోంది. నోట్లో వేలు పెట్టి ఆ ముక్క తీసి పారేశాను. ముళ్ళన్నీ బాగానే ఉన్నాయి. మిగిలిన గదులు నేనే గొట్టంలో అరిచి చెప్పాను. తలుపులు తెరుచుకున్నాక నలుగురు ఆమెను ఎత్తుకొచ్చారు.

2.4.

ఇప్పుడిక మాత్రలతో పని కాదు. నరంలోకి ఎక్కించాలి, అదీ సెలైన్ లో బాగా కలిపి, బొట్టు బొట్టుగా గంటల తరబడి. ఒక్కసారి తోస్తే ఆ ఉప్పే గుండెను ఆపేస్తుంది. గుమాస్తాను అడిగాను.

"చెల్లదు. నేటి మోతాదు ఇప్పటికే ఇవ్వబడినది. అదనపు మోతాదుకు నష్ట కారణం తెలుపవలెను."

"అతిమధురం" అన్నాను.

"ఆ పేరు మందుల పట్టికలో లేదు."

నా జన్మలో ఏ యంత్రాన్నీ అన్ని మాటలు అనలేదు. బీరువా తలుపులు బద్దలుకొట్టినా సీసా రాదు. తీగ మీద డాక్టరును పట్టుకోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆ పేరు పట్టికలో చేర్చి, తన మాటగా ఉత్తర్వు ఇచ్చాడు. "మెగ్నీషియం కూడా ఎక్కించండి. అది తక్కువుంటే పొటాషియం నిలవదు. నాడి వదలకండి" అన్నాడు.

వదల్లేదు. ఒక చెయ్యి నాడి మీద, ఒక చెయ్యి బొట్ల మీద. సూరి మావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నా సేత్తో నాటినాను" అని ఒక్కసారే అన్నాడు. "నా నోటితో నమలమన్నాను మావా" అన్నాను. ఆయన లోపలికి వచ్చి బొట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆరు గంటలు ఇద్దరం లెక్కపెట్టాం. నాలుగో గంటలో నాడి తప్పడం తగ్గింది. ఆరో గంటకు 3.0.

రోజు 33

3.4. దీపాలు ఇంకా కొంచెం పచ్చగా ఉన్నాయట. డిజాక్సిన్ మళ్ళీ మొదలుపెట్టలేదు. వేరు మానేసినా దాని పని ఒకటి రెండు వారాలు ఒంట్లో జరుగుతూనే ఉంటుందని డాక్టరు చెప్పాడు. వెళ్ళిపోయిన అతిథి చెప్పులు ఇంకా గుమ్మంలో ఉన్నట్టు.

మిగతా ఎనిమిది మంది పిలుపువాళ్ళకూ వేలు గుచ్చాను. ముగ్గురికి తక్కువగా ఉంది, వాళ్ళలో ఒకడు పిక్కలు పట్టేస్తున్నాయని ఇప్పుడు చెబుతున్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "కూకున్న పనికి కాళ్ళు నొప్పెడుతున్నాయంటే నవ్వుతారని" అన్నాడు. వేరు బుట్ట వంటశాలకు తిరిగి వెళ్ళింది. అప్పగింత ఏం పెట్టి చేసుకోవాలో ఎవరికీ తోచడం లేదు. ఒకరు మెంతులు అన్నారు, ఒకరు వాము అన్నారు. ఏది అన్నా అందరూ నా మొహం చూస్తున్నారు. మెంతుల గురించి చెప్పాల్సినవి చెప్పాను, వాము గురించి చెప్పాల్సినవి చెప్పాను. చివరికి తవిటయ్య, "నర్సమ్మ ఉండగా గాలి కూడా అడిగి పీల్చుకోవాల" అన్నాడు. నవ్వొచ్చింది. ఎన్ని రోజులకో.

ఏడో గది సంగతి పైడమ్మ అందరికీ తనే చెప్పేసింది, మంచం మీద నుంచే. ఎర్రమ్మ తమ్ముడు ఆ రోజు పోయిన నలుగురిలో ఒకడు. ఆమె లేచి వెళ్ళిపోయింది. సాయంత్రం జావ గ్లాసు తెచ్చి పైడమ్మ పక్కన పెట్టి, తాగేదాకా కూర్చుంది.

రోజు 47

పొటాషియం 4.1, మాత్రల్లేకుండా. బీపీ నూట ముప్పై రెండు. కాళ్ళలో గుంట పడడం లేదు. డిజాక్సిన్ వారం కిందట సగం మోతాదుతో మొదలుపెట్టాం, నాడి డెబ్బై.

ఇవాళ పైడమ్మ మళ్ళీ కుర్చీ ఎక్కింది. వద్దని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఆమె తర్వాతి వంతు నాది కావడంతో ముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. వేరు లేని గొంతు గరగరలాడుతోంది. ఆరో గది చెప్పింది. ఊపిరి తీసుకుంది. నా చెయ్యి నాకు తెలియకుండానే గుమ్మం పట్టుకుంది.

"ఏడో గది. ముల్లు నిటారుగుంది. బాగుంది" అంది. తర్వాత ఎనిమిది. తర్వాత తొమ్మిది. పదకొండూ అయ్యాయి.

లేవలేదు. గుప్పిట బిగించి నా వైపు చాచింది. నేను అరచెయ్యి పట్టాను. ఆమె గుప్పిట నా చేతిలో పెట్టి, మెల్లగా విప్పి, ఆ వేళ్ళతోనే నా చేతిని గట్టిగా పట్టుకుంది. అందులో ఏమీ లేదు. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏటలా సూత్తన్నావు? ఏటీ నేదు. కూకో" అంది.

నేను కూర్చున్నాక గాని చెయ్యి వదల్లేదు.